పత్తి దిండు మీద ల్యాప్‌టాప్

ఆ ఫిబ్రవరిలో ఒక వారం పాటు నా డైరీలో మాటలు లేవు, అంకెలే ఉన్నాయి. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది. కింద గీత కొట్టి, ముప్పై మూడు, ముప్పై ఒకటి. ఈ మధ్య పాత డైరీలు సర్దుతుంటే ఆ పేజీలు బయటపడ్డాయి. ఎవరైనా చూస్తే జ్వరం మనిషికి పూటపూటా కొలిచి రాసిందనుకుంటారు. నాకు జ్వరం లేదు గానీ ఒంట్లో ఓపిక లేదు. ఆ అంకెలు బాగుంటే నాకు రోజూ బస్సెక్కే బాధ తప్పుతుంది. అందుకని అంత జాగ్రత్తగా రాసుకున్నాను.

అది రెండువేల ఎనిమిది ప్రాంతం. గుంటూరు బ్రాడీపేటలో, మెట్లెక్కి రెండో అంతస్తుకు వెళ్తే, ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. ఇంకా కట్టని ఇళ్లను కంప్యూటర్లో కట్టి చూపించడం మా పని. అపార్టుమెంటు కొనబోయేవాళ్లు మా తెర ముందు కూర్చుంటే, నేను మౌసు కదుపుతూ వాళ్లను గేటులోంచి లోపలికి తీసుకెళ్లి, మెట్లెక్కించి, వంటగది దాకా నడిపించేదాన్ని. వాళ్లు నా వెనక నిలబడి "ఆ కిటికీ వైపు తిప్పమ్మా, బావి ఎక్కడొస్తుంది?" అని అడుగుతుంటే నేను తల తిప్పకుండా చూపించేదాన్ని. మనుషులతో మాట్లాడే పని మా సారు చూసుకునేవారు. నాకు అదే నచ్చింది ఆ ఉద్యోగంలో.

నచ్చనిదల్లా ప్రయాణం. మా ఊరు చిలకలూరిపేటకు ఐదు మైళ్లు లోపలికి ఉంటుంది. పొద్దున ఆరున్నరకు ఆటోలో ఏడుగురితో కలిసి కూర్చుంటే పేట సెంటరు. అక్కడ గుంటూరు బస్సు. నాలుగు రోజులు నిలబడితే ఒక రోజు సీటు దొరికేది. మిరపకాయల కాలంలో గుంటూరు మిర్చి యార్డు దగ్గరకు వచ్చేసరికి బస్సులో మొదట ఒకరు తుమ్మేవారు, ఆ తర్వాత బస్సంతా తుమ్మేది. ఆడవాళ్లు కొంగు, మగవాళ్లు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దించిన తలలతో ఆ కాస్త దూరం గడిపేవాళ్లం. సాయంత్రం మళ్లీ ఇదంతా వెనక్కి. ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటేది. అప్పటికి మూడేళ్లయింది. మొదటి ఏడు బస్సులో పుస్తకాలు చదివాను. రెండో ఏడు సంచిలో మోశాను. మూడో ఏడు ఇంట్లోనే వదిలేశాను. డైరీలో రోజుకు రెండు వాక్యాలు, అవీ ఒకేలాంటివి.

ఆ సంక్రాంతి వెళ్లాక నాన్న అన్నాడు, "ఇంక చాలించమ్మా. నీ మొహం చూస్తే ఎండబెట్టిన కాయలాగుంది." పని మానాలని నాకు లేదు గానీ ఆ ప్రయాణం ఇంక నా వల్ల కాలేదు. సారుకు ఆ మాట చెప్పడానికి మూడు రోజులు తిరిగి, చివరికి కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి, కళ్లజోడు తీసి, "మానేస్తానంటే ఎట్లా? నీ చేతిలో ఉన్న నాలుగు బ్లాకుల పని ఎవరు చేస్తారు?" అన్నారు. కాసేపటికి మళ్లీ నా దగ్గరకు వచ్చారు. "ఒక పని చేద్దాం. ల్యాప్‌టాప్ కొందాం. మన డెస్క్‌టాప్ చేసే పని అది చెయ్యగలిగితే, వారానికి నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని చేసుకో. రెండు రోజులు వస్తే చాలు. చెయ్యలేకపోతే మాత్రం నేనేం చెయ్యలేను."

వారానికి నాలుగు రోజులు. ఆ రాత్రి డైరీలో ఆ మూడు మాటలే రాశాను.

అరండల్‌పేట సందులో మాకు కంప్యూటర్లు అమర్చే షాపాయన ఉండేవాడు. ఆయన ఒక కొత్త ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి మా డెస్క్‌టాప్ పక్కన పెట్టాడు. "రెండిట్లోనూ గ్రాఫిక్స్ కార్డు ఒకటేనండి. నంబరు చూసుకోండి, అదే నంబరు."

మా పనికి ఆ కార్డే ప్రాణం. మౌసు కదిపినప్పుడల్లా గోడలూ కిటికీలూ నీడలూ మొత్తం మళ్లీ గీసి చూపించేది అదే. సెకనుకు ముప్పైసార్లు గీస్తే నడుస్తున్నట్టే ఉంటుంది. పాతిక లోపుకు పడితే, గేర్లు సరిగా పడని బస్సులాగా కుదుపులు. ఎన్నిసార్లు గీస్తోందో తెర మూల ఒక అంకె చూపించేది.

"చివర్లో ఒక అక్షరం ఎక్కువుందండీ," అన్నాను నెమ్మదిగా.

"అది ల్యాప్‌టాప్‌లో పెట్టే రకం అని గుర్తమ్మా, అంతే. మా అన్నయ్యదీ నాదీ ఒకటే ఇంటిపేరు. ఆయన లావు, నేను సన్నం. మనిషి మనిషే కదా."

సారు నవ్వారు. "నోటిమాటలు నాకొద్దు. ఈ అమ్మాయి పరీక్ష చేసి రాస్తుంది. తను రాసిందే నాకు లెక్క." షాపాయన వారం రోజులు వాడి చూడమన్నాడు, పనికిరాకపోతే వెనక్కి తీసుకుంటానన్నాడు.

రెండింటిలోనూ మా నాలుగు బ్లాకుల అపార్టుమెంటే తెరిచాను. ఒకటే దారి పెట్టుకున్నాను: గేటు, తోట, మెట్లు, మూడో అంతస్తు వంటగది. డెస్క్‌టాప్‌లో ముప్పై ఎనిమిది. ఎన్నిసార్లు తిరిగినా ఒకటి అటూ ఇటూ. ల్యాప్‌టాప్‌లో ముప్పై మూడు. ముప్పై మూడు చాలు. ముప్పై మూడుతో బతకొచ్చు.

పది నిమిషాలు తిప్పాక ముప్పై ఒకటికి వచ్చింది. పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఫ్యాను చప్పుడు పెరుగుతోంది. అక్కడ ఆపేశాను. ముప్పై ఒకటి అని రాసి గీత కొట్టాను. ఇంకాస్త ఆగితే ఏమవుతుందో నాకు తెలియదని ఇప్పుడు కూడా అనలేను. పేవ్‌మెంటు మీద కొన్న పాత కంప్యూటర్ పత్రికల్లో చదివే ఉన్నాను. డెస్క్‌టాప్‌లో కార్డుకు విడిగా ఒక వైరు ఉంటుంది, దాని సొంత ఫ్యాను అరచెయ్యంత ఉంటుంది, చుట్టూ గాలి ఆడే డబ్బా ఉంటుంది. ఆ కార్డొక్కటే తాగే కరెంటుతో ఈ ల్యాప్‌టాప్ మొత్తం నడవాలి. పలక మందాన ఉన్న చోటులో ఆ వేడి ఎక్కడికి పోతుంది? వేడెక్కితే తననుతాను కాపాడుకోవడానికి కార్డు నెమ్మదిస్తుంది. ఇదంతా తెలిసి కూడా పది నిమిషాలకే ఆపాను.

సోమవారం ల్యాప్‌టాప్‌తో ఇంట్లో ఉన్నాను. పొద్దున ఆరున్నరకు పేటకు వెళ్లే ఆటో హారను వినిపించింది. నేను కదల్లేదు. ఆ సుఖం ఇంతని చెప్పలేను.

మా ఇంట్లో ముందు గది నిండా పత్తి ఉంది. ధర పెరుగుతుందని నాన్న అమ్మకుండా ఆపాడు, దూలాల దాకా తెల్లగా గుట్ట. మధ్య గదిలో గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. బల్ల అంటూ మా ఇంట్లో లేదు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తెర మీద తోటలోంచి నడుస్తుంటే, "ఆ కుండీల్లో ఏం మొక్కలే అవి? నీళ్లు ఎవరు పోస్తారు?" అంది. తర్వాత దాని అడుగున వేలు పెట్టి చూసి చటుక్కున తీసింది.

"ఇదేందే, అట్లు పోసే పెనంలాగుంది. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు, ఒళ్లు కాలిపోదూ?"

"ఏం కాదు లేమ్మా."

అరగంట తిప్పితే ఇరవై రెండుకు వచ్చింది. ఆ అంకె రాశాను గానీ చిన్న అక్షరాలతో, పేజీ అంచున.

సాయంత్రానికి అమ్మ ఒక దిండు కుట్టింది. ముందు గదిలో గుట్ట పైనుంచి మంచి పత్తి ఏరి, గింజ తీసి, వేళ్లతోనే ఏకి, తన పాత వాయిలు చీర ముక్కలో కూరి, సరిగ్గా ల్యాప్‌టాప్ కొలతకు కుట్టింది. మా ఇంట్లో విలువైనదేదైనా పత్తిలోనే పెడతారు. గాజు గ్లాసులు, పొదగడానికి పెట్టే గుడ్లు, పుట్టిన నెలలో అక్క కూతురు. అమ్మ ఆ దిండును నా ఒళ్లో సర్ది, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, "ఇప్పుడు నీకూ కాలదు, దానికీ మెత్తగా ఉంటుంది," అంది.

అడుగున గాలి పీల్చుకునే కన్నాలు ఉన్నాయని నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ చేతి వేళ్ల చివర గింజలు తీసి తీసి ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నోరు మూసుకున్నాను. మంగళవారం, బుధవారం ఆ దిండు మీదే పనిచేశాను. అమ్మ ఇంట్లో లేనప్పుడు తీసేద్దామనుకునేదాన్ని. అమ్మ పగలంతా ఇంట్లోనే ఉంది.

నాన్న కల్లంలో మిరపకాయలు తిరగేసి మధ్యాహ్నం అన్నానికి వచ్చేవాడు. కంచం ముందు కూర్చుని, "ఎంతదాకా వచ్చింది నీ పరీక్ష?" అని అడిగాడు.

"ఆఫీసులో బాగానే వచ్చింది నాన్నా. పది నిమిషాలు చూశాం."

"పది నిమిషాలేంది? యార్డులో కొనేవాడు టిక్కీ పైన పిడికెడు చూసి ధర కడతాడా? చెయ్యి మోచేతి దాకా దించి అడుగు నుంచి లాగుతాడు." చిలకలూరిపేట నుంచి గుంటూరు దాకా మిరపకాయల బస్తాను టిక్కీ అనే అంటారు.

"పైన మంచికాయ పెట్టి, కింద తాలు కాయ పోసే వాళ్లుంటారుగా మరి," అంది అమ్మ చారు వడ్డిస్తూ, ఎటో చూస్తూ.

"ఒక్కసారి పెట్టానే. పదేళ్లయింది. ఇంకా ఎత్తిపొడుస్తావేంది?"

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను.

దిండు మీద పద్నాలుగు వచ్చింది. గురువారం పొద్దున, మెట్ల సగంలో ఉండగా, తెర నల్లబడి ల్యాప్‌టాప్ ఆగిపోయింది. తలకిందులు చేసి చూస్తే కన్నాల నిండా పత్తి పీచు, సన్నగా, మెత్తగా.

శుక్రవారం దాన్ని గుండెలకు అదుముకుని బస్సెక్కాను. సీటు దొరకలేదు. షాపాయన స్క్రూలు విప్పి, ఫ్యాను పైకి తీసి, వేళ్లతో పీచు లాగాడు. చిన్న పిట్టగూడంత వచ్చింది. దాన్ని తీసుకెళ్లి షాపులో ఉన్న ఇద్దరికీ చూపించాడు.

"నేను ల్యాప్‌టాప్ మనిషికి ఇచ్చాననుకున్నానండీ. జిన్నింగు మిల్లుకిచ్చానా?" అన్నాడు. "కొంచెం ఆగితే వత్తులు కూడా చేసి పెట్టేది."

వాళ్లు నవ్వుతుంటే నేను గోడకున్న క్యాలెండరు చదువుతూ నిలబడ్డాను. పత్తి దిండు సంగతి చెప్పక తప్పలేదు. అమ్మ కుట్టిందని చెప్పలేదు. నేనే పెట్టుకున్నానని చెప్పాను. ఆయన బ్రష్షుతో తుడిచి, గాలి కొట్టి, బిగించి ఇచ్చాడు. "చెక్క మీద పెట్టుకో తల్లీ. కింద రెండు ఇటుకలు పెట్టు. గాలాడాలి. ఇంకేం కాదు."

శనివారం, ఆదివారం అలాగే చేశాను. నాన్న కొడవళ్లు నూరుకునే పీట కింద రెండు ఇటుకలు పెట్టి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, నేను కింద చాప మీద కూర్చున్నాను. అమ్మకు దిండు ఉతకాలని చెప్పాను. ఈసారి పది నిమిషాలకు ఆపలేదు. మొదట ముప్పై మూడు. పావుగంటకు ఇరవై ఏడు. అరగంటకు ఇరవై మూడు, ఆ తర్వాత ఇంక పైకి రాలేదు. పొద్దున ఎనిమిదింటికి, ఎప్పటిలాగే, కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ ఆగదు కదా, బ్యాటరీ ఉంటుంది కదా అని ఎంత మురిసిపోయానో. బ్యాటరీ మీదకు మారగానే తెర కాస్త మసకబారి, మూల అంకె పన్నెండుకు పడిపోయింది. గేటు నుంచి వంటగదికి వెళ్లేసరికి నాకే కళ్లు తిరిగాయి. కరెంటు పదకొండుకు వచ్చింది. ఆ మూడు గంటలూ నేను ఒక కిటికీ చుట్టూ గోడకు రంగు మార్చగలిగాను.

ఆదివారం కూడా అంతే. దిండు తప్పు కాదు అది. దిండు లేకుండా కూడా అంతే.

రెండు కాగితాల మీద రాశాను. మొదటి దాని మీద ఆఫీసులో వచ్చినవి, డెస్క్‌టాప్ ముప్పై ఎనిమిది, ల్యాప్‌టాప్ ముప్పై మూడు, ముప్పై ఒకటి. రెండో దాని మీద ఇంటి దగ్గరవి. సోమవారం బస్సులో రెండూ ల్యాప్‌టాప్ పక్కన నా సంచిలో ఉన్నాయి. ఏది ఇవ్వాలో యార్డు దాటేదాకా తేల్చుకోలేదు.

నేను కూర్చోకముందే సారు పిలిచారు. "షాపాయన చెప్పాడమ్మా దిండు సంగతి. దానివల్లే ఆగిపోయిందట కదా. ఇప్పుడు శుభ్రం చేశాక బాగానే ఉందిగా? కాగితం ఇలా ఇవ్వు, ఉంచుకుంటున్నామని వాళ్లకు ఫోన్ చేసేస్తాను."

ఆయనే దారి ఇచ్చారు. ఏమీ అనక్కర్లేదు, మొదటి కాగితం ఇస్తే చాలు. అబద్ధం కూడా కాదు, అందులో ఉన్నవి నిజంగా వచ్చిన అంకెలే. కానీ మార్చిలో ఆ నాలుగు బ్లాకులూ కొనేవాళ్లకు చూపించాలి. ఆ పని ఇంట్లో నా చేతిలో సగం కూడా కాదని నాకు తెలుసు. తెలిసేది ఆయనకు అప్పుడు.

రెండో కాగితం ఇచ్చాను.

ఆయన నిలబడే చదివారు. తర్వాత కూర్చుని మళ్లీ చదివారు. "ఈ పన్నెండు ఎప్పటిది?"

"కరెంటు పోయినప్పుడండి."

"రోజూ పోతుందా?"

"రోజూ మూడు గంటలండి. ఎండాకాలం వస్తే ఇంకా ఎక్కువ."

"ఇరవై మూడేమో కరెంటు ఉన్నప్పుడు. అదీ దిండు లేకుండా."

"అవునండి."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. "సన్నటాయన చేత టిక్కీ మోయించామన్నమాట. నాలుగడుగులు వేశాడు, కూలబడ్డాడు." నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "నీకు ఇంటి దగ్గర ఉండాలనుందనుకున్నానే?"

"ఉందండి," అన్నాను. కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆయన కాగితం జేబులో పెట్టుకుని, "సరే, శనివారాలు రాకు," అన్నారు. "జీతం అంతే. ఆ ఒక్కటే నేను చెయ్యగలిగింది."

"అలాగేనండి."

నా కుర్చీ దగ్గరకు వచ్చి డెస్క్‌టాప్ వెయ్యగానే పెద్ద ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. గేటు, తోట, మెట్లు. ముప్పై ఎనిమిది. ఎవరికీ ఏమీ పట్టనట్టు ముప్పై ఎనిమిది.

ఆ సాయంత్రం అమ్మ నా చేతులు ఖాళీగా ఉండడం చూసింది.

"మిషను ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను. సరిపోలేదంట ఆ పనికి."

"ఇక మళ్లీ రోజూ బస్సేనా?"

"శనివారం లేదులే."

అమ్మ పొయ్యి దగ్గరకు వెళ్లింది. అక్కడి నుంచే, "దిండు కూడా ఇచ్చేశావా ఏంది?" అంది.

"లేదమ్మా. దిండు మనదేగా."

"దానికి బాగుండేది పాపం, మెత్తగా," అంది అమ్మ. నేను అవునన్నాను.

మంగళవారం పొద్దున నా సంచి ఎప్పటికన్నా లావుగా ఉంది. తెరిచి చూస్తే ఉతికి ఆరేసిన దిండు, దాని పక్కన టిఫిను డబ్బా. బస్సులో నడుముకు పెట్టుకోమని అమ్మ వెనక నుంచి చెప్పింది. నా అదృష్టం, ఆ రోజు పేటలో కిటికీ పక్క సీటు దొరికింది. దిండు వీపుకు పెట్టుకున్నాను. అట్ట ముడుచుకుపోయిన ఒక పుస్తకం కూడా తెచ్చుకున్నాను, చాలా రోజుల తర్వాత. తెరిచి మొదటి పేజీ సగం చదివాను. తర్వాతేమైందో నాకు తెలియదు. నా తుమ్ముకు నాకే మెలకువ వచ్చింది. పుస్తకం ఒళ్లో మూసుకుపోయి ఉంది. బస్సంతా ముక్కులకు గుడ్డలు పెట్టుకుని ఉన్నారు. యార్డు వచ్చేసింది.